ఆరని అంగీ

చిరంజీవి ఈల్కాకు,

నీ పొయ్యిలో నిప్పు చల్లబడకూడదని దీవిస్తూ అమ్మ చెప్పి పంపుతున్న కబురు. ఇక్కడ మీ నాన్నా నేనూ క్షేమం. అక్కడ సరస్సు ఒడ్డున నువ్వూ మీ ఆయనా క్షేమంగా ఉన్నారనే అనుకుంటున్నాను. ఈ మాటలన్నీ కబుర్లు మోసే తోరికి ఒక్కొక్కటీ అప్పజెబుతున్నాను. "కొంచెం తగ్గించు అక్కా, ఇవన్నీ బుర్రలో పెట్టుకుని మంచులో నడవాల్సింది నేను" అని అప్పుడే గొణుగుతున్నాడు. మోయనీ. వాడికి పొగబెట్టిన చేపలు ఊరికే పెడుతున్నానా?

కిందటిసారి నాన్న మోకాలు ఎలా ఉందని అడిగావు. చెకుముకి రాళ్ళ గోతిలోకి దిగేటప్పుడు మూలుగుతాడు, తిండికి వచ్చేటప్పుడు మూలగడు. కాబట్టి బాగానే ఉన్నట్టు. కొట్టులో పెట్టిన కొత్త కట్టుబాటు వల్ల బేరాలు తగ్గాయా అనీ అడిగావు. బేరాలు తగ్గలేదు గానీ గొడవలు పెరిగాయి. అంగీ కింద రాతికత్తి దాచుకొచ్చి ఒకడు మీ నాన్న చెయ్యి కోశాక, బేరానికి వచ్చినవాళ్ళెవరైనా అంగీ గుమ్మం దగ్గర విప్పి లోపలికి రావాలన్నాం కదా. ఈ చలిలో ఎవడు విప్పుతాడు? మొన్న ఒక ముసలాయన గజగజ వణుకుతూ, "గొడ్డలి కోసం వచ్చానా, చావడానికి వచ్చానా?" అని అరిచాడు. "తీసుకున్నాక చద్దువుగాని తాతా, ముందు రాయి చూడు" అన్నాడు మీ నాన్న.

అందుకే నేనొక మర్యాద మొదలుపెట్టాను. విప్పిన అంగీలను పొయ్యి దగ్గర కాచి, వెళ్ళేటప్పుడు వెచ్చవెచ్చగా తొడుగుతున్నాను. తిట్టిన నోటితోనే దీవించి పోతున్నారు. అందరూ కాదులే. ఒకడు విరిగిన గొడ్డలి వెనక్కి తెచ్చాడు. చెట్టు కొట్టడానికి ఇస్తే బండ కొట్టాడట. "రాయిని కొట్టలేనిది అదేం రాయి?" అని నన్నే నిలదీశాడు. కొత్తది ఇచ్చి పంపాం, ఏం చేస్తాం?

ఈల్కా, ఇంతవరకు నవ్వుతూ చెప్పాను. మీ నాన్న ఇప్పుడే గోతిలోకి దిగాడు కాబట్టి అసలు సంగతి చెబుతాను.

మంచు మొదలైన నాడు మీ వైపు నుంచి ఒకడు వచ్చాడు. పొడుగ్గా, నెమ్మదిగా ఉన్నాడు. అడక్కముందే అంగీ విప్పి నా చేతిలో పెట్టి, "జాగ్రత్తమ్మా, ఇది తేలిగ్గా దొరకలేదు" అన్నాడు. పొయ్యి దగ్గర పరిచి చూద్దును కదా, కుట్లన్నీ ఎడమకు వాలి ఉన్నాయి. నా ఎడమచేతి కుట్లు. మెడ దగ్గర దుప్పి తోలు చాలక నీటికుక్క తోలు ముక్క అతికాను, గుర్తుందా? నువ్వు అత్తారింటికి వెళ్ళేనాడు నేను తొడిగిన అంగీ అది. ఆ ముక్క కింద ఎండిన మరక ఉంది. చేప నెత్తురో, చెట్టు బంకో, ముక్కు దగ్గర పెట్టుకుని చూసినా తెలియలేదు.

ఎక్కడిదని అడుగుదామంటే, బేరం తెగేదాకా వచ్చినవాణ్ణి ఏమీ అడగకూడదన్నది మన కట్టుబాటు. తెగాక అడగొచ్చు. కానీ అతని నోటి నుంచి ఏం వినాల్సి వస్తుందోనని నాకు భయం. మీ నాన్నకు చెబితే అడగడం కూడా ఉండదు, నేరుగా గొడ్డలి అందుకుంటాడు. అతను నీకు మేలు చేసినవాడే అయితే?

అందుకే బేరం తెగనివ్వడం లేదు. ప్రతి రాయికీ నేనే వంక పెడుతున్నాను. "ఇది నీ చేతికి చాలదు బాబూ, మంచిది తవ్విస్తాం ఉండు" అంటున్నాను. పొద్దున్నే "అంగీ ఆరిందా అమ్మా?" అని అడుగుతాడు. "ఇంకా తడిగానే ఉంది" అంటాను. అతను చూడకుండా దాని మీద నీళ్ళు చల్లేది నేనే. కాల్చిన చేపలో మంచి ముక్క అతనికే పెడుతున్నాను. "నా మొహానికి ఎప్పుడైనా ఇంత మర్యాద చేశావుటే?" అని మీ నాన్న వేళాకోళం. నేనూ నవ్వుతున్నాను. నిన్న నేను తోలు కుడుతుంటే అతను నా ఎడమచేతి వంకే చాలాసేపు చూశాడు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

తోరి ఇప్పుడు గొణగడం లేదు. దారిలో ఎక్కడా ఆగనంటున్నాడు.

ఆ అంగీ నువ్వే విప్పి ఇచ్చి ఉంటే, ఎవరి మీదో జాలిపడి ఇచ్చినా, బుట్టెడు చేపలకు మార్చుకున్నా, నేను ఒక్క మాట అనను తల్లీ. నేనే ఇచ్చానని నీ నోటితో తోరికి చెప్పు. నీ గొంతు విన్నానని వాడు వచ్చి చెప్పేదాకా, ఆ అంగీని నేను ఆరనివ్వను.

ఇట్లు,
నీ మాట కోసం గుమ్మంలోనే కూర్చున్న
మీ అమ్మ, ఒర్మా