వర్లీన్ మాస్ పోయిందట!

పైన్ ఫోర్క్, అలబామా
మార్చి 7, 1994

మెంఫిస్‌లో పాత రికార్డులు మళ్ళీ వేసే క్లిఫ్టన్ రడ్ గారికి,

ఓజెల్లా క్రెన్షా నమస్కారాలు. నేనిక్కడ క్షేమం. ఈ ఉత్తరం రాయడానికి కారణం కూడా అదే.

మీరు కొత్తగా వేసిన వర్లీన్ మాస్ సోల్ పాటల క్యాసెట్ మా ఆయన హోసియా కొనుక్కొచ్చాడు. ఆవిడ 1971లో టుపెలో దగ్గర, జోరువానలో, పగిలిన గుండెతో కారు నడుపుతూ ప్రమాదంలో మరణించిందని దాంతోపాటు ఇచ్చిన చిన్న పుస్తకంలో రాశారు. ఆ వర్లీన్ మాస్‌ని నేనే. రికార్డుల కోసం పెట్టుకున్న పేరది. నాకు కారు నడపడం ఇప్పటికీ రాదు.

ఒక్కటే మనవి. మళ్ళీ అచ్చు వేసేటప్పుడు "బతికే ఉంది, పెళ్ళయింది, బాగానే ఉంది" అని మార్చండి. ఎవరు, ఎక్కడ అన్నది మాత్రం వద్దు. మా ఆయన బాప్టిస్టు చర్చిలో డీకన్, పెద్దమనిషి. నేను క్లబ్బుల్లో పాడేదాన్నని ఆయనకి తెలీదు. మా పెళ్ళయిన కొత్తలోనే, భార్య క్లబ్బులో పాడిందని ఒక డీకన్‌ని చర్చివాళ్ళు పదవిలోంచి తప్పించారు. అప్పుడు నోరు మూసుకున్నాను. ఇరవై రెండేళ్ళయ్యాక ఇప్పుడెలా తెరవాలో తెలియడం లేదు.

ఇట్లు,
ఓజెల్లా క్రెన్షా

తా.క.: నిన్న పొద్దున ఫలహారం దగ్గర ఆయన మీ పుస్తకం పైకి చదివి, "పాపం, ఏం గొంతు! బతికుంటే పెళ్ళి చేసుకుందును" అన్నాడు. ఆ సమయానికి ఆయన ప్లేటులో గుడ్లు వేస్తున్నది నేనే.

మెంఫిస్
మార్చి 15

గౌరవనీయులైన క్రెన్షా గారికి,

మీ ఉత్తరం చదివి కళ్ళు చెమర్చాయి. "వర్లీన్ మాస్‌ని నేనే!" నిజమైన అభిమాని అలాగే అంటుంది. వాన పడితే నాక్కూడా నేనే వర్లీన్ని అనిపిస్తుంది.

ఇలాంటి గొంతుని లోకం పట్టించుకోలేదన్న బాధతోనే ఈ పని మొదలుపెట్టాను. ఆవిడ సమాధి కోసం నాలుగేళ్ళుగా మిసిసిపీ అంతా తిరుగుతున్నాను. ఇంకా దొరకలేదు. మేలో ఇక్కడ సంస్మరణ సభ పెడుతున్నాం. మీలాంటివాళ్ళు తప్పక రావాలి.

వర్లీన్ స్మృతిలో,
క్లిఫ్టన్ రడ్

తా.క.: "నాకు కారు నడపడం ఇప్పటికీ రాదు" అన్న మీ వాక్యంలో ఎంత విషాదం ఉందండీ! సభలో చదవొచ్చా?

పైన్ ఫోర్క్
మార్చి 22

రడ్ గారికి,

మళ్ళీ క్షేమమే. నేను అభిమానిని కాను. మనిషిని.

మీ పుస్తకంలో అన్నిటికన్నా ఎక్కువ మెచ్చుకున్న పాట మాంట్‌గోమరీలో ఒక గోదాములో, చలి మొదలయ్యాక రికార్డు చేశాం. హీటరు పనిచెయ్యలేదు. డ్రమ్మర్ ఎల్రాయ్ కోటు వేసుకుని పాడాను. దానికి చేపల వాసన.

ఇక్కడ వ్యవహారం ముదిరింది. మా ఆయన మీ పుస్తకం మీది ఫోటో కత్తిరించి వంటింట్లో కాలెండరు పక్కన అంటించాడు. "ఈ కళ్ళెక్కడో చూశానే" అంటూ నా వంక తిరిగి, "ఆ ఉప్పు ఇలా అందుకో" అన్నాడు.

పాడటం మానేసినందుకు బాధ లేదా అంటారా? గిన్నెలు తోముతుంటే ఒక్కోసారి పాత పాట నోట్లోంచి వచ్చేస్తుంది. ఆయన గుమ్మంలోకి రాగానే దాన్ని దేవుడి పాటలోకి తిప్పేస్తాను. పెళ్ళయినప్పటి నుంచీ తిప్పుతూనే ఉన్నాను. దయచేసి నన్ను బతికించండి.

ఇట్లు,
ఓజెల్లా క్రెన్షా

తా.క.: సమాధి కోసం ఇక తిరగకండి. దొరికితే నాకు భయమేస్తుంది.

మెంఫిస్
ఏప్రిల్ 4

శ్రీమతి క్రెన్షా గారికి,

మీ వాదనను నిష్పక్షపాతంగా పరిశీలించాను. మీరు వర్లీన్ కాదు.

మా పరిశోధన ప్రకారం ఆ రికార్డింగు జూన్‌లో జరిగింది. జూన్‌లో అలబామాలో ఎవరూ కోటు వేసుకోరు. పైగా మూడో చరణం చివర ఆవిడ గొంతులో వచ్చే ఏడుపు గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. మన దక్షిణాది సోల్ పాటలన్నిట్లోనూ అంత దుఃఖం ఇంకెక్కడా లేదు. దానిమీద నేను పదకొండు పేజీలు రాశాను.

ఇక మరణానికి సాక్షి స్వయంగా ఎల్రాయ్ టాగర్టే. వర్లీన్ ఏదని అడిగితే, "వర్లీనా? ఆవిడ పోయిందయ్యా" అని నా ముందే కళ్ళు తుడుచుకున్నాడు.

భవదీయుడు,
క్లిఫ్టన్ రడ్

తా.క.: మీ భర్తగారు కూడా నాకు ఉత్తరం రాశారు. ముందు వరసలో సీటు కావాలన్నారు. ఎంత తెలిసిన మనిషండీ! ఆయన్ని చూసైనా నేర్చుకోండి.

పైన్ ఫోర్క్
ఏప్రిల్ 12

రడ్ గారికి,

ఎల్రాయ్ అబద్ధమాడలేదు. పోయాను. బస్సెక్కి పెళ్ళి చేసుకోవడానికి పోయాను. పేకాటలో వాడికి నేనే జత. అందుకు ఏడ్చుంటాడు.

మూడో చరణం చివర ఉన్నది ఏడుపు కాదు, నవ్వు. సరిగ్గా అక్కడ ఎల్రాయ్ కూర్చున్న స్టూలు కాలు విరిగింది. వాడు పడుతూ కూడా తాళం తప్పలేదు. నేను నవ్వు ఆపుకోబోయాను, సగమే ఆగింది. మీ పదకొండు పేజీలకూ క్షమించండి.

మా ఆయన సరిగ్గా మీ సభ రోజునే డీకన్ల సమావేశముందని, బర్మింగ్‌హామ్ వెళ్తున్నానని నాతో చెప్పాడు. చచ్చిన ఆడదాని కోసం డీకన్ అబద్ధమాడాడు. నేనూ వస్తున్నాను.

ఓజెల్లా క్రెన్షా

తా.క.: ఫోటో దగ్గర ఇప్పుడు పువ్వులు కూడా పెడుతున్నాడు. నా తోటలోవే.

మెంఫిస్
ఏప్రిల్ 20

శ్రీమతి క్రెన్షా గారికి,

తప్పకుండా రండి. వెనక వరసలో సీటు ఉంచాను. సభలో లేచి "వర్లీన్ని నేనే" అని మాత్రం అనకండి. ఆ మాట అంటామని ఇప్పటికే ఇద్దరు రాశారు. అందులో ఒకాయన మగవాడు.

క్లిఫ్టన్ రడ్

పైన్ ఫోర్క్
మే 24

రడ్ గారికి,

మీ ఆరోగ్యం కుదుటపడిందని తలుస్తాను. మొదటి చరణానికే స్పృహ తప్పి పడిపోతే మిమ్మల్ని పక్కగదిలోకి మోసుకెళ్ళారు కనక, తర్వాత జరిగింది మీకు తెలియాలి కదా అని రాస్తున్నాను.

సభలో లేచి ఏమీ అనొద్దన్నారు. అనలేదు. మీ క్యాసెట్టే మొదటి లైను మధ్యలో కీచుమని ఆగిపోయింది. రెండొందలమంది నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. పాట అలా గాలిలో వేలాడుతుంటే చూడలేక, ఆగినచోటి నుంచి అందుకున్నాను. కూర్చునే పాడాను.

అందరూ వెనక్కి తిరిగారు. ముందు వరసలో హోసియా ఒక్కడే తిరగలేదు. కళ్ళు మూసుకుని, మోకాలి మీద తాళం వేస్తూ కూర్చున్నాడు.

పాట అయ్యాక జనం ఏం చేశారో నాకు సరిగ్గా గుర్తులేదు. బయట మెట్లమీద ఆయన దొరికాడు.

"ఏం హోసియా, డీకన్ల సమావేశం బాగా జరుగుతోందా?" అన్నాను.

"బాగానే జరిగింది. పాటే కాస్త ఆలస్యమైంది. ఇరవై రెండేళ్ళు."

"నీకు తెలుసా?"

"మాంట్‌గోమరీ క్లబ్బులో పచ్చగౌను వేసుకుని పాడావే, ఆ సాయంత్రం నుంచీ తెలుసు. తలుపు దగ్గరే నిలబడి విన్నా. లోపలికొస్తే మా నాన్న తోలు వలిచేసేవాడు."

"అయితే పెళ్ళికి ముందే తెలుసన్నమాట! నోరు విప్పలేదేం?"

"నువ్వు విప్పలేదుగా ఓజీ. ఆ రోజులు తలుచుకోవడం నీకిష్టం లేదేమో అనుకున్నా. వంటింట్లో పాడుతుంటే వరండాలో నిలబడి వినేవాణ్ణి. గుమ్మంలోకొస్తే దేవుడి పాటైపోయేది. అందుకని వీలైనంతసేపు రాకుండా ఆగేవాణ్ణి."

"మరి ఆ ఫోటో? ఆ పువ్వులు?"

"నీ నోరు విప్పించడానికి ఇంకేం చెయ్యమంటావ్? చచ్చిపోయావని పైకి చదివినా నీకు కోపం రాలేదు. గుడ్లు వడ్డించావ్."

"నీ డీకన్ పదవి పోతుందని భయపడ్డానయ్యా!"

"పోతే పోనీ. మా చర్చిలో ఇంకా ఎనిమిదిమంది డీకన్లున్నారు. ఇలా పాడేది ఎంతమంది?"

మెట్లమీదే కూర్చుని ఏడ్చాను రడ్ గారూ. ఈసారి ఏడుపే. మీరు ఎన్ని పేజీలైనా రాసుకోవచ్చు.

మొన్న ఆదివారం హోసియా లేచి చర్చిలో అందరి ముందూ తనే చెప్పేశాడు. పాస్టరుగారు చాలాసేపు దగ్గారు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, ఆ క్యాసెట్ ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

కొత్త రికార్డు చేద్దామని మీరు ఆసుపత్రి మంచం మీంచి చెప్పి పంపారట. వస్తాను. ఎల్రాయ్‌ని కూడా పిలవండి. వాడు నిజంగా పోకముందే.

ఇట్లు,
బతికున్న
ఓజెల్లా వర్లీన్ మాస్ క్రెన్షా

తా.క.: రికార్డులో నా వెనక కోరస్ పాడతానని హోసియా పట్టుబట్టాడు. రోజూ పెరట్లో సాధన కూడా చేస్తున్నాడు. పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకుంటున్నారు. నా గొంతు సంగతి ఆయన ఇన్నేళ్ళు మనసులో దాచుకున్నాడు కదా, ఆయన గొంతు సంగతి నేనూ అలాగే దాచుకున్నాను. దయచేసి మీరు చెప్పండి.