కలుపు తీయకూడని మడి

అమ్మకి నమస్కారాలు.

నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. నువ్వూ, తమ్ముడూ, నీ నడుము నొప్పీ ఎలా ఉన్నారో రాయి. కళ్ళజోడు వెతుక్కునే పని లేకుండా పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. ఫోనులో చెబితే మధ్యలో అడ్డు తగులుతావని ఉత్తరం పెట్టుకున్నాను.

"పైరు పెంచడానికి నాలుగేళ్ళు చదవాలా?" అని పక్కింటి పిన్ని నవ్విందని రాశావు. నవ్వనీ. మా క్లాసులో ఒకతను మట్టి పరీక్షల ల్యాబుకి వెళ్తున్నాడు, ఒకమ్మాయి బ్యాంకులో వ్యవసాయ ఆఫీసరుగా, ఇద్దరు పై చదువులకి. నాకు విత్తనాల కంపెనీలో పొలాలు తనిఖీ చేసే ఉద్యోగం ఖాయమైందని నీకు తెలుసు. ఎప్పుడు చేరతావని అడిగావు. ప్రాజెక్టు పూర్తయితేనే చేర్చుకుంటారు. అక్కడే వచ్చింది చిక్కు.

నా ప్రాజెక్టు వరిలో కలుపు మందుల మీద. ఏ మందు ఎంత పనిచేసిందో తెలియాలంటే ఒక మడిని కలుపు తీయకుండా వదిలేసి, మిగతావాటిని దాంతో పోల్చాలి. 'కలుపు తీయరాదు' అని బోర్డు కూడా నేనే రాసి పాతాను. మొన్న సోమవారం పొద్దున్నే మొక్కల ఎత్తు కొలవడానికి ఆ మడిలోకి దిగాను. అచ్చం వరిలాగే ఉండే ఊద కలుపు ఒకటి కనిపిస్తే పీకాను. పక్కన ఇంకోటి. చిన్నప్పుడు సెలవుల్లో నీ వెనక వంగి నడిచిన రోజులు తలుచుకుంటూ అలా పోయాను. గట్టెక్కి చూసుకుంటే మడి మొత్తం శుభ్రంగా ఉంది.

రెండు రోజులు దాచాను. ఏవో అంకెలు వేసి సర్దేద్దామని కూడా అనుకున్నాను. మూడో రోజు మా ప్రాజెక్టు చూసే మేడమ్‌తో చెప్పేశాను. ఆవిడ తిట్టకుండా చెప్పులు విప్పి మడిలోకి దిగారు.

"ఒక్క వరి మొక్కా పోలేదే. ఇంత లేత మొక్కల్లో ఊదకీ వరికీ తేడా తెలియాలంటే నాకే భూతద్దం కావాలి. ఎవరు నేర్పారు?"

"మా అమ్మండి. వరికి ఆకు మొదట్లో చిన్న తలుపు ఉంటుంది, ఊదకి ఉండదు అంటుంది."

"అమ్మగారు వ్యవసాయ శాఖలోనా?"

"కాదండి. పొలాల్లో కూలికి కలుపు తీస్తుంది."

అమ్మా, ఈ మాట నాలుగేళ్ళలో ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. చేరేటప్పుడు ఫారంలో నీ పని దగ్గర 'గృహిణి' అని రాశాను. అడిగినవాళ్ళందరికీ అదే చెప్పాను. తలుచుకుంటే సిగ్గుగా ఉంది. నన్ను క్షమించు.

ప్రయోగం మాత్రం మళ్ళీ నాటాల్సిందేనన్నారు మేడమ్. అంటే ఇంకో పంటకాలం ఇక్కడే. కంపెనీవాళ్ళు ఆగితే ఆగుతారు, లేదంటే ఇంకో ఉద్యోగం వెతుక్కుంటాను. నువ్వు బెంగపెట్టుకోకు. శుక్రవారం ఆవిడ జూనియర్లని నా వెంట పొలంలోకి పంపి, నేర్పమన్నారు. ఇరవై మంది నోటుపుస్తకాల్లో నీ చిన్న తలుపు రాసుకున్నారు. ఇక్కడ చెప్పిన పాఠాల కంటే ముందు నువ్వు చెప్పిన పాఠం ఉంది నాకు. ఆ రుణం ఎప్పటికీ తీరేది కాదు.

నిన్న ఆఫీసుకి వెళ్ళి ఆ ఫారం తీయించాను. "చివరి ఏడాదిలో ఇప్పుడెందుకమ్మా?" అని విసుక్కున్నాడు గుమాస్తా. "తప్పు రాశానండి" అని చెప్పి, 'గృహిణి' కొట్టేసి, 'కలుపు తీసే పని' అని రాసి, పక్కన సంతకం పెట్టాను.

ఇట్లు,
నీ అమ్మాయి