ఆత్మకూరు బస్సు దిగినవాళ్లు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున సంవత్సరీకానికి, నీ కింద పనిచేసిన అధికారి ఒకాయన మన ఉదయగిరికి వచ్చారు.

ఇంటెలిజెన్స్‌లో అంత పెద్ద హోదాలో ఉండి, ఏ ఊళ్లో ఉన్నావో నువ్వు ఎన్నడూ చెప్పలేదు. సెలవు దొరికితే చెప్పకుండా సాయంత్రం ఆత్మకూరు బస్సు దిగేవాడివి. నన్ను మాత్రం ఒక పోస్టు బాక్సు నంబరిచ్చి, వారం వారం ఊరి సంగతులు రాయమన్నావు. "చూసింది రాయిరా, అనుకున్నది రాయబాక" అన్నావు. పదో తరగతి తప్పిన నేను ఇరవై ఏళ్లు వరుస అంకెలు వేసి రాశాను: ఏ చెరువు నిండింది, ఎవరి గేదె ఈనింది. ఒక్క జవాబూ రాలేదు. చదవకుండానే పారేస్తున్నావని అనుకున్నాను.

భోజనాల దగ్గర ఆ అధికారి నా పేరు విని, కలిపిన ముద్ద అలాగే పట్టుకుని ఆగిపోయారు.

"ఆ ఉత్తరాలు మీవేనా? కొత్తగా చేరినప్పుడు సార్ మాకు అవే చదివి వినిపించేవారండీ. రిపోర్టంటే మా తమ్ముడిలా రాయాలయ్యా అనేవారు."

ఆ ముక్క నాతో ఒక్కసారి అనుంటే ఏంది, అన్నా?

ఈ వారం సంగతులు. ఒకటి, మన వీధి కొళాయి బాగుచేశారు. రెండు, సాయంత్రం ఆత్మకూరు బస్సు అరగంట ఆలస్యంగా వచ్చింది. పదకొండు మంది దిగారు. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడి చూశాను. నువ్వు దిగలేదు.