రెండోపక్క కమ్మీ

అమ్మా ప్రమోదినీ,

నువ్వు పంపిన కొత్త మెట్రో రైలుపెట్టె బొమ్మ ఈ మేనత్తకి అందింది. మొన్న పలాస నుంచి విశాఖదాకా కిక్కిరిసిన రైల్లో నా పక్కనే నిలబడినావు. డయాలసిస్ సూదులు గుచ్చే ఎడంసెయ్యి మీద బరువు పడకూడదు గదా, తలుపుకి ఎడంపక్కే ఉన్న కమ్మీ కుడిసేతికి అందక నాను పడిన పాట్లు సూసినావు. మెట్రో పెట్టెలు గీసే మీ ఆఫీసుకెల్లి, తలుపుకి ఒకపక్కే ఉన్న కమ్మీని రెండుపక్కలా గీసినావు! మా వజ్రపుకొత్తూరులో అందరికీ సూపించి గొప్పలు సెప్పుకున్నాను.

రెండోది దండగని మీ పెద్దాఫీసరు కొట్టేత్తానన్నాడని రాసినావు. బొమ్మలో నా సెయ్యి కనపడదు మరి. ఓపాలి ఆయన్ని మా రైలెక్కించు, పక్కన నాను నిలబడతాను.

మెట్రో తిరిగీసరికి నానుంటానో లేదో. కమ్మీ మాత్రం ఉండాల.

నీ మేనత్త