దిండ్ల కార్ఖానాలో ఆకాశరామన్న

చిరంజీవి మేనకోడలికి, ఒళ్ళంతా దూదితో మామయ్య దీవెనలు.

అంతా క్షేమమని రాద్దామనుకున్నాను గానీ, కార్ఖానా తలుపు కింద ఆకాశరామన్న ఉత్తరం దొరికింది. "ఇక్కడ ఆడా మగా చూసి పని ఇస్తున్నారు. కోరుకున్న పని అడిగితే నవ్వి పంపేశారు. మళ్ళీ నవ్వితే కార్మిక శాఖకు వెళ్తాను" అని ఉంది. నీకు తెలుసుగా, కింద ఆడవాళ్ళు దూది ఏకుతారు, కుడతారు. పై గదిలో కిటికీ పక్కన మీ అత్తయ్య తమ్ముడు తయారైన దిండు మీద తల పెట్టి పరీక్షిస్తాడు. ఎండలో దూదిపోగులు తేలుతుంటే, కళ్ళు మూసుకున్న వాణ్ణి చూస్తే మేఘం మీద పడుకున్నట్టే ఉంటుంది. ఆ పని మీద ఎవరో ఆడమనిషి కన్ను పడింది. ఇలాంటి కేసులు వాదించే లాయరువి, దారి చెప్పు.

దిక్కుతోచని మామయ్య

తా.క. నేనెవరినీ తక్కువగా చూడను. పై గదిలోకి వెళ్తే నాకూ నిద్రొస్తుంది, అసలు చూడటమే తక్కువ.

మామయ్యకు నమస్కారాలు.

ఎవరు రాశారని వెతకొద్దు. కక్ష తీర్చుకోవద్దు. ఎవరికి ఏ పని ఎందుకిచ్చారో రాసిపెట్టండి. ఆధారాలు పోకుండా చూడండి. ఫిర్యాదులు వినడానికి మీ మాటకు తలూపని మనిషిని పెట్టండి. ఇవన్నీ ఫిర్యాదు రాకముందే చేసుకోవాల్సినవి. పాపం, ఆవిడ ఎంత విసిగిపోయి రాసిందో!

మీ మేనకోడలు

తా.క. కోర్టులో మీ కవరు విప్పితే దూది ఎగిరి జడ్జిగారి ముక్కు మీద వాలింది. ఆయన తుమ్మి, కేసు వాయిదా వేశారు.

మేనకోడలికి ఆశీస్సులు.

అన్నీ చేశాను. ఆధారాలు పోకూడదన్నావని దిండ్లన్నీ బీరువాల్లో పెట్టి తాళం వేశాను. కొనేవాళ్ళు గుమ్మంలో నిలబడి తిడుతున్నారు. కక్ష లేదని తెలియాలని ఆడవాళ్ళందరికీ ఎదురెళ్ళి దణ్ణం పెడుతున్నాను. కార్ఖానా మూసేస్తున్నానేమోనని వాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారు. ఇక బావమరిదికి ఆ పని ఎందుకిచ్చానో రాయబోతే కలం ఆగిపోయింది. "మగవాడు కాబట్టి" అని రాసి, కొట్టేసి, ఇంకేమీ తోచక మళ్ళీ అదే రాశాను. సిగ్గేసింది.

మీ మామయ్య

తా.క. నా మాటకు తలూపని మనిషి భూమ్మీద ఒక్కతే ఉంది. మీ అత్తయ్యను పెట్టేశాను.

మామయ్యా,

ముందు దిండ్లు వదిలెయ్యండి! ఆధారాలంటే కాగితాలు. దణ్ణాలు ఆపి, ఎవరికి ఏ పని కావాలో అడగండి. చెప్పినవాళ్ళ పేరు అత్తయ్య మీకు కూడా చెప్పకూడదు.

తల పట్టుకున్న మేనకోడలు

తా.క. సొంత భార్యను పెట్టడం చట్టానికి నచ్చదు. కానీ అత్తయ్యను తప్పుకోమని ఆ చట్టాన్నే వచ్చి చెప్పమనండి.

మేనకోడలికి, తేలికపడ్డ మామయ్య దీవెనలు.

మీ అత్తయ్య ఒక్కొక్కరినే లోపలికి పిలిచింది. నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టింది. దూది ఏకే పెద్దావిడ దగ్గుతూ బయటికొచ్చింది. "నేను రాయలేదయ్యా. అడగొచ్చని తెలిస్తే ఎప్పుడో అడిగేదాన్ని. ఆ దుమ్ముకి ఊపిరాడ్డంలేదు" అంది. తలెత్తలేకపోయాను.

చివరికి బావమరిది వచ్చాడు. "బావా, రాసింది నేనే."

"నువ్వా! నీకేం తక్కువ చేశాన్రా?"

"నాకు కుట్టుమిషను కావాలి. అడిగితే, మగాడివి దిండు గలీబులు కుడతావా అని నవ్వావు. కళ్ళు మూసుకుంటే చాలు, కుట్టుపూలే కనిపిస్తున్నాయి బావా."

నవ్విన సంగతి నాకు గుర్తే లేదు. నవ్వినవాడికి గుర్తుండదు కాబోలు. అయినా లాయరువై ఉండి నువ్వు కూడా "ఆవిడ" అనే రాశావు!

ఇప్పుడు వాడు మిషను ముందు కూర్చున్నాడు. సూదిలో దారం ఎక్కించడం ఆడవాళ్ళు నేర్పుతుంటే చిన్నపిల్లాడిలా నాలుక బయటపెట్టి చూస్తున్నాడు. ఏకే గదికి కిటికీలు పెట్టిస్తున్నాను. అక్కడి పని ఇక అందరికీ వంతులవారీగా, నాతో సహా. పెద్దావిడ పై గదిలో దిండు మీద తల పెట్టి, కళ్ళు మూసుకుని, నిండుగా ఊపిరి పీల్చుకుంది. పరీక్ష అయిందా అని అడగబుద్ధి కాలేదు. మెట్ల మీదే నిలబడిపోయాను.

మీ మామయ్య

తా.క. మీ అత్తయ్యకు ఇంకో ఫిర్యాదు అందిందట. ఎవరిదో చెప్పనంటోంది. ఒకానొక ఇంట్లో వంటపని ఆడా మగా చూసి ఇస్తున్నారట. అన్నం మాడకుండా ఎలా వండాలో వెంటనే రాయి.