నాలుగు ఖాళీ గళ్ళు

తార్నాక,
హైదరాబాదు.

ప్రియమైన అక్కకు, బావగారికి కరుణ వందనాలు.

ప్రభువు దయవల్ల నేను ఇక్కడ బాగానే ఉన్నాను. మీరిద్దరూ బాగున్నారనీ, బావ మోకాలి నొప్పి తగ్గిందనీ తలుస్తాను. మూడు వారాలుగా ఉత్తరం రాయలేదని కోపం తెచ్చుకోకు. మొదలుపెట్టినవి రెండు ఇన్‌లాండ్ కవర్లు చింపేశాను. ఇది మూడోది. ఇన్‌లాండులో పట్టేట్టు లేదని తెల్లకాగితాలు తీసుకున్నాను. అందుకే కవరు బరువుగా ఉంటుంది, కంగారు పడకు. నేను బాగానే ఉన్నాను.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. తార్నాక నుంచి యూనివర్సిటీలోకి నడిచి వెళ్ళేసరికి జాకెట్టు వీపుకి అతుక్కుపోతుంది. తీరా మా కంప్యూటర్ మిషన్ గదిలో అడుగుపెడితే చలి. మనుషులకి లేని ఏసీ ఆ మిషన్‌కి ఉంది. వేడెక్కితే అది అలుగుతుందట. నేను పగలంతా శాలువా కప్పుకుని కూర్చుంటానంటే నువ్వు నవ్వుతావు. నవ్వు, ఫరవాలేదు. జలుబు మాత్రం వదలడం లేదు.

ఊళ్ళో తెలంగాణ గొడవలు తగ్గలేదు. కాలేజీలు సగం రోజులు మూతే. కోస్తా వాళ్ళు వెనక్కి పోవాలని గోడల మీద రాశారు. మా ఇంటావిడ దీనమ్మగారు మన ఏలూరు వైపు మనిషే కదా, బజారుకి వెళ్తే నోరు మెదపకుండా వేలుతో కూరగాయలు చూపిస్తుంది. నన్నూ అలాగే చెయ్యమంటుంది. నా నోరు నీకు తెలుసు, అది మూతపడేది కాదు. అయినా ఇప్పటిదాకా నన్నెవరూ ఒక్క మాట అనలేదు. బెంగ పెట్టుకోకు. నా ఉద్యోగం టెంపరరీయే, ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఆ సంగతి వదిలెయ్యి.

తిండికి లోటు లేదు, రుచికే లోటు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త ఎండు చేపలు పంపు. పచ్చళ్ళతో కలిపి కట్టకు. పోయినసారి మాగాయంతా చేప వాసనొచ్చి దీనమ్మగారు రెండు రోజులు మూతి ముడుచుకుంది. తర్వాత జాడీ అంతా తనే ఖాళీ చేసిందనుకో. ఆదివారాలు ఆవిడతో గుడికి వెళ్తున్నాను. పాటలు మనవే. పాడుతుంటే నీ గొంతు పక్కన లేక నాది ఎటో పోతుంది.

ఇక అసలు విషయం. చదివేటప్పుడు నిదానంగా చదువు అక్కా. బావ పక్కన లేనప్పుడు ఒకసారి, ఉన్నప్పుడు ఒకసారి చదువు.

నా పని ఏమిటో నీకు ఇదివరకు రాశాను. అట్టకార్డులకి చిల్లులు కొడతాను. మిషన్ ఆ చిల్లుల్ని చదివి లెక్కలు కడుతుంది. ఒక్క చిల్లు తప్పు పడితే చెరపడానికి వీల్లేదు, కార్డు పారేసి కొత్తది కొట్టాల్సిందే. ఈ నెల మొదట్లో సివిల్ డిపార్ట్‌మెంట్ లెక్చరర్ విశ్వేశ్వరంగారు రెండు పెట్టెల కార్డులు రిక్షాలో పెట్టుకుని వచ్చారు. బొంబాయిలో ఒక మిషన్ మీద నడిచిన ప్రోగ్రాం అది. పది ఊళ్ళలో ఏళ్ళ తరబడి రాసిన వాన లెక్కలు చదివి, వాగుకి ఎంత వరద రావచ్చో చెబుతుంది. అక్కడ ఏ లెక్క వచ్చిందో ఆ కాగితం కూడా తెచ్చారు. మన మిషన్ మీద కూడా అదే లెక్క వస్తే, ఆ తర్వాత కొత్త చెరువుల లెక్కలు ఇక్కడే కట్టుకోవచ్చని ఆయన ఆశ.

ఒక మిషన్ ప్రోగ్రాం ఇంకో మిషన్ మీద నడపడమంటే, అత్తారింట్లో అడుగుపెట్టిన కొత్తకోడలి పాట్లే అనుకో. మొదటి రోజు పెట్టె ముందున్న కార్డులే మన మిషన్‌కి నచ్చలేదు. బొంబాయి మిషన్‌కి దండం పెట్టే పద్ధతి వేరట. అవి తీసేసి మన పద్ధతివి పెట్టాం. రెండో రోజు బ్రాకెట్టు ఉండాల్సిన ప్రతిచోటా మన మిషన్ శాతం గుర్తు అచ్చువేసింది. అక్కడి చిల్లుల మిషన్ బ్రాకెట్టుకి కొట్టే చిల్లులు వేరు, మనది కొట్టేవి వేరు. పెట్టెన్నర కార్డులు నేను మళ్ళీ కొట్టాను. అయిదు రోజులు పట్టింది. వేళ్ళు వాచిపోయి అన్నం కలుపుకోలేకపోయాను.

ఆ తర్వాత ప్రోగ్రాం నడిచింది. లెక్క వచ్చింది. కానీ అది బొంబాయి లెక్క కాదు.

మిషన్ నడిపేది నర్సింగరావుగారని జనగామ వైపు మనిషి. పెద్దాయన. నన్ను కరుణమ్మా అంటాడు. బయట ఎన్ని గొడవలున్నా, నా బల్లమీద టీ పెట్టకుండా తను తాగడు. మేమిద్దరం కూర్చుని ఊరు ఊరుకీ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాం. తొమ్మిదింటికి సరిపోయింది. ఏడో నంబరు స్టేషన్ దగ్గర, అంటే ఏడో ఊరి వాన లెక్కలో, తేడా. అక్కడ రోజుల లెక్క కూడా బొంబాయి కాగితంలో మనకంటే నాలుగు తక్కువ. ఆ నాలుగు రోజులు ఎక్కడ పోయాయని ఏడో స్టేషన్ కార్డులన్నీ తీసి ఒక్కొక్కటీ కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాం. ఒక కార్డులో నాలుగు గళ్ళు ఖాళీ. ఒక్క చిల్లు లేదు.

బొంబాయి మిషన్‌కి ఖాళీ వేరు, సున్నా వేరు. ఖాళీ కనిపిస్తే, ఆ రోజు ఎవరూ కొలవలేదని పక్కన పెట్టేస్తుంది. మన మిషన్‌కి ఆ తేడా తెలియదు. ఖాళీ కనిపిస్తే సున్నా అనుకుంటుంది. వాన పడలేదని రాసేసుకుంటుంది.

నర్సింగరావుగారు కార్డు నా చేతికిచ్చి, “గాడ ఖాళీ అంటే ఖాళీ. గీడ ఖాళీ అంటే సున్న. దీని బుద్ధి గంతే కరుణమ్మా, ఏం జేస్తం” అన్నాడు.

నేను కార్డు చివరనున్న అంకెలు చూశాను. అయిదేళ్ళ కిందటి నవంబరు. పదకొండు నుంచి పధ్నాలుగు దాకా. శాలువా ఇంకా దగ్గరికి లాక్కున్నాను. ఏసీ అనుకున్నాను మొదట. విశ్వేశ్వరంగారి దగ్గరికి వెళ్ళి ఏడో నంబరు ఏ ఊరండీ అని అడిగాను. ఆయన జాబితా తీసి మన ఊరి పేరు చదివాడు.

నువ్వు బడి ఆవరణలో ప్రార్థన గంటకి ముందు రోజూ చూసి రాసే వాన డబ్బా అక్కా. నీ రిజిస్టరు. నీ బిడ్డ, మన రూతు, జ్వరంతో పోయిన ఆ నాలుగు రోజులు.

సరిచేయడం ఎంతసేపు. ఖాళీ గళ్ళలో 999 కొట్టి, ఆ అంకె కనిపిస్తే వదిలెయ్యమని ప్రోగ్రాంలో ఒక కార్డు చేర్చాలి. ఆ నాలుగు గళ్ళలో 999 నా చేతులతోనే కొట్టాను. మళ్ళీ నడిపాం. బొంబాయి లెక్క అణువంత తేడా లేకుండా వచ్చింది. విశ్వేశ్వరంగారు సంతోషంతో అందరికీ సమోసాలు తెప్పించాడు. నాది పొట్లం కట్టి పక్కన పెట్టాను.

ఎందుకంటే రెండు మిషన్లూ ఒక మాట మీదికి వచ్చాయి గానీ, రెండు మాటలూ తప్పే. ఒకటి వాన లేదంది. ఇంకొకటి నాకు తెలియదంది. ఆ నాలుగు రోజులు ఎంత వానో మనకి తెలుసు. రూతుని ఎత్తుకుని బావ రెండుసార్లు వాగు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. అవతల ఆసుపత్రి దీపం కనిపిస్తూనే ఉంది. రూతుకి గుంట తవ్వుతుంటే నీళ్ళు ఊరి, చెంబులతో తోడి పోశారు.

ఈ లెక్క ఎందుకో తెలుసా? మన ఊరికి ఎగువన, ఆ వాగు మీదే చెరువు కడతారట. నిండిన నీళ్ళు పొర్లిపోయే అలుగు ఎంత వెడల్పు పెట్టాలో ఈ లెక్క చూసే తేలుస్తారు. అన్నిటికంటే పెద్ద వాన లెక్కలో లేకుండా అలుగు కడితే, అలాంటి వాన మళ్ళీ వచ్చినప్పుడు నీళ్ళు కట్ట మీద నుంచి దూకుతాయి. కట్ట కింద ఉన్నది నీ బడి. నీ ఇల్లు. మన రూతు పడుకున్న చోటు.

విశ్వేశ్వరంగారికి చెప్పాను. అక్కడ ఆ రోజుల్లో కుండపోతండీ అన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరైనా కొలిచారా అని అడిగాడు. లేదన్నాను. నీకెలా తెలుసు అన్నాడు. నేను ఆ ఊరి దాన్నని మాత్రం చెప్పి నోరు మూసుకున్నాను. దీనమ్మగారు మూయించలేని నోరు అప్పుడు మూతపడింది. ఆ రిజిస్టరు రాసేవాళ్ళ సంతకంతో కాగితం వస్తే చూస్తాననీ, నెలాఖరుకి తన రిపోర్టు వెళ్ళిపోవాలనీ చెప్పాడు.

రెండు రోజులు నా బల్లమీద టీ చల్లారిపోయింది. మూడో రోజు నర్సింగరావుగారే ఏంది సంగతి అని అడిగితే అంతా చెప్పేశాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. తన చిన్నతనంలో వాళ్ళ ఊరి చెరువు కట్ట తెగిందట, ఇద్దరు మేనత్తలు పోయారట. తర్వాత, “అక్కకు రాయి. రాస్తే నీకు సిగ్గయితది, గంతే. కట్ట తెగితే సిగ్గుతోని పోదు” అన్నాడు.

ఆయనకి చెప్పింది ఇప్పుడు నీకు చెబుతున్నాను.

పదకొండో తేదీ పొద్దున నువ్వు రూతు తల ఒళ్ళో పెట్టుకుని, కరుణా, వాన చూసి రాసి రావే అన్నావు. నేను వెళ్ళలేదు. పిల్ల కాలిపోతుంటే నీకు వాన లెక్కలా అని లోపల్లోపల నిన్ను తిట్టుకున్నాను. మర్నాడు నువ్వు మళ్ళీ అడిగావు, చూశానన్నాను. అబద్ధం. ఆ తర్వాత నువ్వు ఇక ఏదీ అడగలేదు. పధ్నాలుగు సాయంత్రం వాన ఆగింది. పదిహేను పొద్దున, నువ్వింకా లేవకముందు, వాన డబ్బా దగ్గరికి వెళ్ళాను. లోపలి సీసా నిండి, డబ్బా నిండి, అంచు మీద నుంచి కారుతోంది. కొలగ్లాసు చేతిలోనే ఉంది. ఆ నీళ్ళు కొలిచి అంకె రాయడానికి నా చెయ్యి రాలేదు. రూతుని మనకి కాకుండా చేసిన నీళ్ళకి అంకె ఏమిటని కసి. డబ్బా ఎత్తి అక్కడే కుమ్మరించి, ఖాళీ డబ్బా మళ్ళీ పెట్టి ఇంటికి వచ్చాను.

పైనుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి నిన్ను అంతమంది పిల్లల ముందు నిలదీశాడు. నాలుగు రోజులు మానేసినా ఆఖరి రోజు మొత్తం కొలిచి రిమార్కుల్లో రాయాలని తెలియదా అని అరిచాడు. నువ్వు తల వంచుకుని, పొరపాటయిందండీ అన్నావు. నా పేరు చెప్పలేదు. నేను తలుపు వెనక ఉన్నాను. అయిదేళ్ళుగా ఆ తలుపు వెనకే ఉన్నాను అక్కా.

ఇప్పుడు నీకొక పని చెబుతున్నాను. ఆ రోజు నువ్వు చెప్పిన పని నేను చేయలేదు, ఇది నువ్వు చెయ్యి. ఆ డబ్బా అదే కదా, మార్చలేదు కదా? ఒక పొద్దున, లోపల సీసా ఉండగానే, అంచుదాకా నీళ్ళు పొయ్యి. తర్వాత కొలగ్లాసుతో ఒక్కో గ్లాసూ కొలిచి తియ్యి. బావని పక్కన కూర్చోబెట్టుకుని రాయించు. మొత్తం ఎంతయితే అంత. రిజిస్టరులో ఆ నాలుగు గళ్ళని ముట్టుకోకు, కొలవనిది కొలిచామని రాయొద్దు. పక్కన రిమార్కుల్లో రాయి: ఈ నాలుగు రోజులకీ కలిపి వాన ఇంతకంటే తక్కువ కాదు, డబ్బా నిండి పొర్లింది, కొలవకుండా పారబోసింది నా చెల్లెలు కరుణ. నా పేరు తప్పకుండా రాయి. దాని నకలు తీసి, నువ్వు, బావ సంతకాలు పెట్టి, నెలాఖరులోగా నాకు చేరేట్టు రిజిస్టర్డ్ పోస్టులో పంపు. పైవాళ్ళు నిన్నేమైనా అంటే ఈ ఉత్తరం చూపించు.

ఆ కాగితం రాగానే విశ్వేశ్వరంగారి ముందు నిలబడి, అది నేనేనని చెబుతాను. కార్డు మళ్ళీ కొడతాను. 999 తీసేస్తాను.

నీళ్ళు కొలిచేటప్పుడు నీకెలా ఉంటుందో నాకు తెలుసు. ఇంకెవరైనా చేయగలిగితే నిన్ను అడిగేదాన్ని కాదు.

బావకి, పాస్టరుగారికి, ఎదురింటి మరియమ్మత్తకి నా వందనాలు చెప్పు. నా గురించి దిగులు పెట్టుకోకు, వేళకి తింటున్నాను. ఎండు చేపలు ఇప్పుడేమీ వద్దు. ముందు ఆ కాగితం పంపు. తిట్టాలనిపిస్తే అందులోనే వేరే కాగితం మీద తిట్టు. క్షమించాననే మాట మాత్రం నాకోసమని రాయకు, నీకు నిజంగా వచ్చినప్పుడు రాయి. రూతు దగ్గరికి ఆదివారం వెళ్తే, పిన్ని కూడా వచ్చిందని చెప్పు.

వాన చూసి రమ్మంటే వెళ్ళని
నీ చెల్లెలు,
కరుణ