పడవెక్కి వచ్చిన సిపాయి

విడవలూరు, నవంబరు 1962

ఈ డైరీ తెరిచే యావన్మందికీ తెలియజేయడమేమనగా, నా ముక్కుపొడి డబ్బా ఈ ఇంట నేను తప్ప ఎవరూ ముట్టరాదు.

పొద్దున వలలు బాగుచేసుకునేవాళ్లకు పాత చరిత్ర పుస్తకం చదివి వినిపించాను. కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి సరిహద్దు కోట మీదికి నార్మన్లు ఓడలేసుకుని వచ్చి పడిన కథ. అక్కడే కూర్చున్న పోలమ్మక్క కొడుకు చైనా సరిహద్దులో సిపాయిగా ఉన్నాడు, నెలగా ఉత్తరం లేదు.

"ఆ కోటలో సిపాయిలు ఇళ్లకొచ్చినారా తమ్ముడా?" అంది.

"రాకేం అక్కా! ఒకడు పడవెక్కొచ్చి రేవులో దిగి, అమ్మా బువ్వ పెట్టమన్నాడంట!"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. సాయంత్రం రేవులో గుంజకు లాంతరు కట్టింది, వేటకెళ్లిన పడవ తిరిగి రాకపోతే ఇక్కడి ఆడవాళ్లు కట్టినట్టే. మంచుకొండల నుంచి పడవేం వస్తుందక్కా అనబోయి, లాంతరు వత్తి పెద్దది చేశాను.

పుస్తకంలో కోట పడిపోయిందనే ఉంది. పడవెక్కి వచ్చిన ఆ సిపాయిని పూర్తిగా నేనే పుట్టించాను.